నీడ ఎవరిది?

(వనజీవి రామయ్య స్మారకోపన్యాసం)

వెనక వరసల్లో విద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. చివర్లో మీకొక పని అప్పగిస్తాను, అందాకా ఓపిక పట్టండి.

రామయ్య గారి గురించి ఇక్కడున్న వాళ్లకు కొత్తగా చెప్పవలసింది లేదు. అయినా ఆయన్ని ఒకసారి కళ్లముందు నిలుపుకుని మొదలుపెడదాం. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి. ఇంటిపేరు దరిపల్లి. సంచి నిండా గింజలు. మొదట సైకిలు, తరవాత మోపెడు. చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందని రాసిన బోర్డు మెడలో. పక్కన భార్య జానమ్మ గారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తరవాత కూడా ఆయన వేషం మారలేదు, పని మారలేదు. 2025 ఏప్రిల్ 12న వెళ్లిపోయారు. కోటికి పైగా మొక్కలు నాటిన మనిషిగా లోకం ఆయన్ని తలుచుకుంటుంది.

ఆ కోటిని కాసేపు పక్కన పెట్టి, ఆయన ఎక్కడ నాటారో చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. రోడ్డు పక్కన. కాలవ గట్టు మీద. బడి ఆవరణలో. గుడి దగ్గర. రేపు ఆ చెట్టు కింద ఆగబోయేది ఎవరో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. గొర్రెలు తోలుకుపోయే మనిషి కావచ్చు, బస్సు తప్పిపోయిన ముసలమ్మ కావచ్చు, టైరు పంక్చరై నిలిచిపోయిన లారీ డ్రైవరు కావచ్చు. ఆ నీడకు గేటు లేదు, వేళలు లేవు, టికెట్టు లేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది దీని చుట్టూనే తిరుగుతుంది. మన నగరాలు చెట్లను లెక్కపెడుతున్నాయి, ఎకరాలను లెక్కపెడుతున్నాయి. ఆ చెట్ల కింద ఎవరు కూర్చోగలుగుతున్నారో మాత్రం ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఆ రెండో లెక్క లేకుండా పార్కు విలువ తేలదు, నగరంలోని అడవి విలువా తేలదు. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాదు నుంచే తీసుకుంటాను. నేను నడిచి తెలుసుకున్న ఊరు అదే.

1. పైనుంచి చూసిన లెక్క

భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి చేరింది. పదేళ్లలో రెండున్నర రెట్లకు దగ్గర. ఆ 2021లోనే ఆర్బర్ డే ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఈ నగరాన్ని 'ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో చేర్చాయి. మరుసటి ఏడు దక్షిణ కొరియాలోని జెజులో 'వరల్డ్ గ్రీన్ సిటీ' పురస్కారం వచ్చింది. వీటిని తక్కువ చేసి మాట్లాడను. 2015లో మొదలైన హరితహారంలో గుంటలు తవ్విన చేతులు, వేసవిలో ట్యాంకరుతో మొక్కమొక్కకూ నీళ్లు పోసిన కూలీల చెమట ఆ అంకెల్లో ఉంది.

అయితే ఆ అంకె దేన్ని చూస్తుందో తెలుసుకోవాలి. సర్వే సంస్థ నిర్వచనంలో ఒక హెక్టారు, అంతకు మించిన ఏ నేల మీదైనా కొమ్మల గొడుగు పది శాతానికి తగ్గకుండా పరుచుకుని ఉంటే అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. నేల ఎవరిదన్న ప్రశ్న లేదు. కంటోన్మెంటు లోపలి చింతలు, ఎత్తయిన ప్రహరీ వెనక బంగళా తోట, ప్రభుత్వ సంస్థల ఆవరణలు, అందరూ తిరిగే పార్కు, అన్నీ ఒకే పచ్చదనం. ఉపగ్రహానికి కొమ్మలు కనిపిస్తాయి, గోడలు కనిపించవు. మే నెలలో మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఉండలేక పసిపిల్లతో బయటికొచ్చిన తల్లికి ఆ 81.81లో ఎంత అందుతుంది? నివేదిక ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకోవడం దాని పనీ కాదు, మన పని.

నగర అటవీశాస్త్రంలో పేరున్న సెసిల్ కొనైనెండైక్ 2021లో ఒక సూత్రం ప్రతిపాదించారు. ప్రతి ఇంటి నుంచీ మూడు చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. ఉపగ్రహం లెక్క కంటే ఇది మనిషికి దగ్గరగా ఉంది. ఇంటి గడపలోంచి కొలవడం మొదలుపెట్టింది. మన ఊళ్లకు దీనికి ఇంకో ప్రశ్న జోడించాలి: ఆ 300 మీటర్లు నడిచి వెళ్లాక గేటు తీసి ఉంటుందా?

2. ఖాళీ జాగా

గేటు దగ్గరికి వెళ్లేముందు, మన కంటికి ఏది పార్కులా కనిపిస్తుందో, ఏది కనిపించదో చూద్దాం.

కత్తిరించిన కంచె మొక్కలు, పరుపులాంటి గడ్డి, మధ్యలో ఫౌంటెన్ ఉంటే చిన్నపిల్లవాడు కూడా పార్కు అంటాడు. అదే పిల్లవాడికి బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, రేగు కంపలు, తంగేడు, మోదుగ, తుమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఖాళీ జాగా అంటాడు. వాడి తప్పు లేదు, పెద్దవాళ్లం అలాగే అంటున్నాం. దక్కను పీఠభూమికి సొంతమైన అడవి అదే. ఏప్రిల్లో ఎండి బూడిద రంగులో ఉంటుంది, తొలకరి పడ్డ పదిరోజులకు గుర్తుపట్టలేనంత పచ్చబడుతుంది. మనం వేసవిలో చూసి పనికిరాని నేల అని రాసేసుకుంటాం.

ఆ పనికిరాని నేల ఏం ఇస్తుందో ఇక్కడున్న అక్కచెల్లెళ్లకు నాకంటే బాగా తెలుసు. ఎంగిలిపూల నాడు బతుకమ్మ పేర్చడానికి తంగేడు కావాలి, గునుగు కావాలి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. నగరంలో ఏ పార్కులోనైనా, ఏ పచ్చిక మైదానంలోనైనా బతుకమ్మకు సరిపడా తంగేడు కోసుకోగలమా? చుట్టుపక్కల గుట్టల మీద, చేల గట్ల మీద కోసి, మూటలు కట్టి బస్సుల్లో, ఆటోల్లో తెచ్చి మార్కెట్లో కుప్పలు పోస్తే కొనుక్కుంటున్నాం. ప్లాటు వెనక ప్లాటుగా ఆ గుట్టలు లేఅవుట్లు అవుతున్న కొద్దీ మూటల ధర పెరుగుతోంది. పండుగను ఎంతో ఇష్టంగా చేసుకుంటున్నాం, పండుగను పూయించే నేలను ఖాళీ అంటున్నాం. వినాయక చవితి పత్రికీ, ఉగాది వేపపువ్వుకూ ఇదే కథ.

ఉగాది అన్నాను కాబట్టి కంచ గచ్చిబౌలి సంగతి చెప్పాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని, సర్వే నంబరు 25లో 400 ఎకరాలు. ఆ నేల చేతులు మారిన తీరు, కోర్టు కేసులు అందరికీ తెలిసినవే. ప్రభుత్వం దాన్ని ఐటీ అభివృద్ధికి ఇవ్వదలచుకుంది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, జేసీబీలు దిగాయి. వరస సెలవుల్లో పని రాత్రీ పగలూ సాగింది. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు చేపట్టి పని ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ఏప్రిల్ 16న, ఆ 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమని న్యాయస్థానం ప్రభుత్వాన్ని అడిగింది.

ఆ రోజుల్లో రెండు వాదాలు ఎదురెదురుగా నిలిచాయి. రికార్డుల్లో అది అడవి కాదు, ప్రభుత్వ భూమి అన్నది ఒకటి. అక్కడ జింకలున్నాయి, నెమళ్లున్నాయి, నక్షత్ర తాబేళ్లున్నాయి, పుట్టగొడుగు ఆకారపు బండ ఉంది, చెరువులున్నాయి అన్నది రెండోది. రికార్డులో ఏం రాసి ఉన్నా, ఎవరి పేరున ఉన్నా, నేల మీద అడవి ఉంటే అది అడవేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12నే గోదావర్మన్ కేసులో చెప్పింది. ఆ తీర్పు వచ్చి దాదాపు ముప్ఫై ఏళ్లు కావస్తున్నా మనం ఇంకా సర్వే నంబరునే చూస్తున్నాం. ఎందుకంటే కంప, బండ, ఎండుగడ్డి మన కంటికి అడవిలా ఆనవు. అక్కడ దట్టమైన టేకుచెట్లు ఉండి ఉంటే ఆ జేసీబీలు దిగడానికి ఒక క్షణమైనా తటపటాయించేవని నా నమ్మకం.

3. గేటు

ఇక పార్కుగా అందరూ ఒప్పుకున్న చోటికి వద్దాం. ఈ భాగం కొంచెం సాగుతుంది, మన్నించండి. అసలు విషయం ఇక్కడే ఉంది.

మన కాలనీ పార్కులు చాలావరకు పొద్దున తెరుస్తారు, తొమ్మిదికో పదికో మూసేస్తారు, మళ్లీ సాయంత్రం తెరుస్తారు. అంటే ఉద్యోగానికి వెళ్లేముందు, వచ్చాక నడిచేవాళ్ల వేళలు. ఎండ మండే వేళ నీడంతా లోపల, తాళం బయట. కాలనీ గోడ పక్కనే ఇల్లు కడుతున్న కూలీలు అన్నం మూట విప్పుకునేది ఇసుక కుప్ప పక్కన. ఇళ్లలో పనిచేసే ఆమె పొద్దుటి ఇళ్లు ముగించుకుని సాయంత్రం ఇళ్లు మొదలయ్యేదాకా ఎక్కడ కూర్చుంటుంది? ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రాడు బండి మీదే వాలి నిద్రపోతాడు, రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టుంటే దాని కింద. లేబర్ అడ్డాలు ఎక్కడ ఏర్పడ్డాయో గమనించండి. ఏ అధికారీ నిర్ణయించలేదు; కూడలి దగ్గర ఒక కానుగో వేపో రావో ఉన్నచోట అవే పుట్టాయి. నగరంలో అసలైన పార్కులు అవి. బెంచీ లేదు, మంచినీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, అయినా రోజూ వందలమంది నిలబడతారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేవీ అవే.

మధ్యాహ్నం తెరిచి ఉంచితే తాగుబోతులు చేరతారు, జంటలు చేరతారు, మొక్కలు పాడవుతాయి అని కాలనీ సంఘాల పెద్దలు చెప్పగా విన్నాను. వాళ్ల భయం నిజమైనదే. చందాలు వేసుకుని, వాచ్‌మన్‌ను పెట్టుకుని, కబ్జాదారులతో పోరాడి పార్కును నిలబెట్టుకున్నవాళ్లు వాళ్లే. కానీ ఆ భయాలకు తాళం ఒక్కటే జవాబా? పార్కులో మనుషులు ఎంతమంది ఉంటే అంత భద్రం. ఖాళీగా ఉన్న చోటే చీకటి పనులకు అనువు.

జంటల మాట వచ్చింది. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర ఒక బ్యానరు వెలిసింది: పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని. జనం మండిపడ్డాక తీసేశారు. తీసేయడం మంచిదే. కానీ ఆ ఆలోచన బ్యానరుతో మొదలవలేదు, బ్యానరుతో పోలేదు. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే ఇద్దరు యువతీయువకులను వాచ్‌మన్ కర్రతో అదిలించడం మనలో చాలామంది చూసే ఉంటాం. ఇరుకు ఇళ్ల నగరంలో వయసులో ఉన్నవాళ్లు మాట్లాడుకోవడానికి డబ్బు పెట్టి కాఫీ షాపుకే వెళ్లాలా?

ఆడవాళ్ల సంగతి ఇంకా లోతైనది. ముంబయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం వెలువరించారు. బజారులో, వీధిలో, తోటలో ఏ పనీ లేకుండా ఉండగలిగే హక్కు ఆడదానికి ఉండాలన్నది దాని సారాంశం. మన పార్కుల్లో పొద్దుటి పూట ఆడవాళ్లు చాలామందే కనిపిస్తారు, కానీ నడుస్తూ. ఆరోగ్యం కోసం నడక అన్నది ఇంట్లో ఒప్పుకునే కారణం. బెంచీ మీద ఒంటరిగా గంటసేపు ఊరికే కూర్చున్న ఆడమనిషిని వెతకండి. దొరకరు. దొరికినా నలుగురు ఎగాదిగా చూస్తుంటారు. దీపాలు, గుబురు పొదలు లేని దారి, శుభ్రమైన మరుగుదొడ్డి, ఇవి ఉంటే సగం భయం పోతుంది. మిగతా సగం మన చూపుల్లో ఉంది.

ఇందిరా పార్కు పక్కనే ధర్నా చౌక్. జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చిన అంగన్‌వాడీ టీచర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, రైతులు ఏళ్ల తరబడి అక్కడి రోడ్డు మీద కూర్చుని తమ గోడు చెప్పుకున్నారు. 2017లో అక్కడ ధర్నాలు ఆపేశారు. స్థానికులకు, వాకర్లకు ఇబ్బంది అన్నది అప్పుడు వినిపించిన కారణాల్లో ఒకటి. ఆ ఏడు మేలో నిరసనకారులకూ స్థానికులమని వచ్చినవాళ్లకూ మధ్య ఘర్షణ కూడా జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు మళ్లీ అనుమతించింది. నడిచేవాడి హక్కు, నినదించేవాడి హక్కు ఒకే చెట్టు నీడలో పోటీ పడటం మనకు మనం తెచ్చిపెట్టుకున్న కొరత వల్లే. నీడ ఇంత తక్కువ లేకపోతే ఆ తగవు అంత పెద్దదయ్యేదా?

గేట్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో బాంబు పేలిన తరవాత సంచులు వెతకడం మొదలైతే ఎవరం కాదనలేదు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఏర్పడిన ఆ వేల ఎకరాల్లో కృష్ణజింకలు బతుకుతున్నాయంటే కంచె వల్లే. అక్కడ మనిషి తగ్గి ఉండాలి. అన్ని అడవులనూ పార్కులు చేయాలన్న ఆత్రం కూడా నాకు నచ్చదు. కానీ జింక కోసం వేసిన కంచెనూ మనిషిని మనిషి నుంచి వేరుచేసే కంచెనూ ఒకటే అనుకోకూడదు.

తెరిచి ఉంచిన తోట ఎలా ఉంటుందో చూడాలంటే పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. అసెంబ్లీ, జూబ్లీ హాలు, మ్యూజియం, బాల భవన్ అన్నీ అక్కడే. నాంపల్లి స్టేషన్‌లో దిగినవాళ్లు, రాత్రి రైలుకు ఎదురుచూసేవాళ్లు, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో తమవాళ్లను చేర్పించినవాళ్లు మధ్యాహ్నం ఆ చెట్ల కింద తువ్వాలు పరుచుకుని పడుకుంటారు. గడ్డి కొంచెం అరిగి ఉంటుంది. ఆ అరుగుదలే ఆ తోట పనిచేస్తోందనడానికి గుర్తు.

4. ఉస్మానియా చింత

విలువ కట్టడం గురించి మాట్లాడుకునేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక చింతచెట్టు గుర్తుకొస్తుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ సంగతి చెప్పే ఫలకం అక్కడ ఉంది. ఏటా ఆ తేదీన కొందరు అక్కడ చేరి వరద మృతులను తలుచుకుంటారు. ఆ వరద తరవాతే విశ్వేశ్వరయ్య గారు వచ్చారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. కలపగా అమ్మితే ఆ చింత ఖరీదెంత? కార్బన్ లెక్కలో ఎంత? ఆ ప్రశ్నలకు జవాబులు ఉంటాయి, కానీ అవి ఆ చెట్టు విలువ కావు.

ఆసుపత్రి చెట్టు గురించి ఇంకొకటి చెప్పాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించారు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న రోగుల రికార్డులు తీసి, 23 జతలుగా పోల్చారు. జతలో ఒకరికి కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, రెండోవారికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందు ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. నమూనా చిన్నదే, కానీ ప్రపంచమంతటా ఆసుపత్రులు కట్టేవాళ్లను ఆలోచింపజేసింది.

ఆయన మంచం మీది రోగిని చూశారు. మన దగ్గర మంచం కింద ఇంకొకరు ఉంటారు. గాంధీకో, నిమ్స్‌కో, విశాఖలో కేజీహెచ్‌కో వెళితే రోగి ఒక్కడే రాడు; భార్య, అన్న, అత్త, పొలం పని వదిలి వచ్చిన బాబాయి. వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. మిగతావాళ్ల లోకమంతా బయట ఒక చెట్టు కింద. టిఫిను అక్కడే, నిద్ర అక్కడే, అప్పు కోసం ఫోన్లు అక్కడే, వినకూడని వార్త వినేదీ అక్కడే. కొత్త బ్లాకు కట్టడానికి స్థలం కావాలంటే మొదట ఆ చెట్టు వైపు చూసే ఇంజినీర్లు ఒక్క రాత్రి దాని కింద గడిపి చూడాలని నా కోరిక.

విశాఖ అన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ నగరం చెట్లను ఊడపెరికింది. దశాబ్దాలుగా ఎవరూ తలెత్తి చూడని చెట్లు. మరుసటి వేసవి వచ్చేసరికి బస్‌స్టాపులో నిలబడ్డ ప్రతివాడికీ ఏది పోయిందో తెలిసింది. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మ కొమ్మకూ మాడిపోతుంటే పల్లెల్లో, పట్నంలో జనం కంగారు పడ్డ తీరూ అలాంటిదే. శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులని శాస్త్రవేత్తలు చెప్పాక, కొత్త చిగుళ్లు కనిపించాక గాని మనసులు కుదుటపడలేదు. ఏ సర్వేలోనూ చెప్పని ప్రేమ ఆ కంగారులో బయటపడింది.

పేదవాళ్లకు ఆకలే గాని పచ్చదనం పట్టదు అనే మాట తరచూ వింటుంటాం. బెంగళూరులో హరిణి నాగేంద్ర, ఆమె సహచరులు మురికివాడల్లో చెట్లను పరిశీలించారు. అడుగు జాగా లేనిచోట కూడా మునగ ఉంది, కానుగ ఉంది, కొబ్బరి ఉంది. కూరకు ఆకు, పళ్లు తోముకోవడానికి పుల్ల, ఊయల కట్టడానికి కొమ్మ, కూర్చుని పని చేసుకోవడానికి నీడ. పచ్చదనం పట్టని ఇల్లు లేదు. పాలరాతి కుండీలో పూలమొక్కకూ గుడిసె పక్కన మునగచెట్టుకూ అవసరంలో తేడా ఉందంతే.

5. వాడుకునేవాళ్లే కాపాడతారు

కేబీఆర్ పార్కు మీకు తెలుసు. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఆ 390 ఎకరాల రాతి అడవి 1998లో జాతీయ ఉద్యానం అయింది. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతుంటే జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఎవరు వాళ్లు? రోజూ ఆ బాటమీద నడిచేవాళ్లు. కంచ గచ్చిబౌలిలో జేసీబీల ముందు నిలబడ్డది ఆ బండల మధ్య చదువుకున్న పిల్లలు. చేవెళ్ల రోడ్డులో దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల కోసం ఏళ్లపాటు కొట్లాడినవాళ్లు ఆ నీడలో ప్రయాణం చేసినవాళ్లు.

ఏ చెట్టుకు మనుషులతో రాకపోకలున్నాయో ఆ చెట్టుకే సాక్షులున్నారు. కాలనీల్లో పార్కు స్థలాలు కబ్జా అవుతున్నాయని, 2024లో హైడ్రా సంస్థ ఏర్పడ్డాక కొన్ని విడిపిస్తున్నారని వార్తలు చదువుతున్నాం. కబ్జా అయిన పార్కుల్లో పిల్లలు ఆడుకుంటూ ఉండి, ముసలివాళ్లు చేరి పేకాడుతూ ఉండి, కూలీలు అన్నాలు తింటూ ఉండి ఉంటే రాత్రికి రాత్రి గోడ లేచేదా? జనం తొక్కితే పార్కు పాడవుతుందన్న భయంతో తాళం వేస్తాం. తాళం వేసిన పార్కు పోతే చుట్టుపక్కల ఎవరికీ ఏమీ పోదు. అందుకే లోపలికి ఎవరు రాగలుగుతున్నారన్నది న్యాయం ప్రశ్న మాత్రమే అని నేను అనుకోను. చెట్టు బతుకుతుందా లేదా అన్నదీ దాని మీదే ఆధారపడి ఉంది.

మన సంప్రదాయంలో చెట్టు కింద కలిసి కూర్చోవడం కొత్త కాదు. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు ఇప్పటికీ చేసుకుంటున్నాం. అమెరికాలో మన తెలుగువాళ్లు కూడా అక్కడి పార్కుల్లో షెల్టర్లు బుక్ చేసుకుని చేస్తున్నారు. కానీ నగరాల్లో వనభోజనం ఒక్కో కులసంఘం ఒక్కో తోటలో జరుపుకునే సమావేశంగా మారడం నాకు బాధగా ఉంటుంది. ఊరి రచ్చబండ దగ్గర కూడా అందరికీ సమానంగా చోటు ఉండేది కాదని తెలుసు. ఆ పాత కొరతను నగరపు పార్కులోకి తెచ్చుకోవడం ఎందుకు? ఒక కార్తిక ఆదివారం మన కాలనీ పార్కులో, ఆ కాలనీని కట్టిన మేస్త్రీలను, ఊడ్చే అక్కలను, ఆటో స్టాండు వాళ్లను పిలిచి ఒకే బంతిలో కూర్చుందాం.

6. ఈ వేసవికి

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. బెంగళూరులో 2024 జూన్ నుంచి నగరపాలక సంస్థ పార్కులను పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచుతామని ప్రకటించింది. మన నగరాలు, పట్టణాలు కనీసం మార్చి నుంచి జూన్ దాకా అదే చేయాలి. ఫౌంటెన్‌కు పెట్టే డబ్బుతో ముందు మంచినీటి కుళాయి, మరుగుదొడ్డి కట్టాలి. నాటేటప్పుడు మే నెలలో ఆకు నిలబెట్టుకునే కానుగ, వేప, మర్రి, రావి లాంటివి ఎంచుకోవాలి. త్వరగా పెరుగుతుందని డివైడర్ల మీద కోనోకార్పస్ నాటి, తరవాత వద్దనుకున్న అనుభవం చాలు. ప్రతి నగరంలో ఒక గుట్టనైనా దాని మానాన వదిలేయాలి. తంగేడు, సీతాఫలం, రేగు వాటంతట అవే వస్తాయి. రోడ్డు వెడల్పు చేసే ప్రతి అంచనాలో కొట్టేసే చెట్ల సంఖ్య పక్కన, వాటి కింద రోజూ ఆగే మనుషుల సంఖ్య కూడా రాయాలి.

ఆ సంఖ్య ఎవరి దగ్గరా లేదు. విద్యార్థులూ, మొదట్లో అప్పగిస్తానన్న పని ఇదే. వచ్చే మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మీ వార్డులో ఒక పార్కు దగ్గర, ఒక లేబర్ అడ్డా చెట్టు దగ్గర, ఒక ఆసుపత్రి చెట్టు దగ్గర ఇద్దరిద్దరు చొప్పున ఉండండి. గేటు తీసి ఉందా, లోపల ఎందరు, బయట ఎందరు, అందులో ఆడవాళ్లెందరు, పిల్లలెందరు, ఎక్కడి నుంచి వచ్చారు, నీళ్లు ఎక్కడ తాగారు, ఇవి రాసుకోండి. పేర్లు అక్కర్లేదు. చెట్టు పేరు మాత్రం తప్పకుండా రాయండి, తెలియకపోతే అక్కడ కూర్చున్న పెద్దలను అడగండి, చెబుతారు. రాసిన కాగితాల నకళ్లు ఒకటి మీ కార్పొరేటరుకు, ఒకటి మున్సిపాలిటీ ఉద్యాన విభాగానికి, ఒకటి ఈ సభ నిర్వాహకులకు పంపండి. వచ్చే ఏడు ఇక్కడ మాట్లాడేవారి చేతికి ఆ కాగితాలు అందాలి.